వచ్చింది, వచ్చారు

మా బేతంచెర్ల బస్టాండులో కాసేపు నిలబడితే ఈ రెండు మాటలూ పక్కపక్కనే వినిపిస్తాయి. "బస్సు వస్తాది." "మాయమ్మ వస్తాది." నాయన మాత్రం "వస్తాడు". పుట్టినప్పటినుంచీ ఈ మాటలే మాట్లాడినాను. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పి, వాటి మీద ప్రశ్నలిచ్చి మార్కులు కూడా వేసినాను. అయినా బస్సుకూ అమ్మకూ ఒకటే క్రియ అన్న సంగతి నన్ను కుదురుగా కూర్చోనీయకుండా చేసింది కథలు రాయడం మొదలుపెట్టినాకే.

వ్యాకరణంలో దీనికి లెక్క ఉంది. పరవస్తు చిన్నయసూరి 1850ల్లో రాసిన బాలవ్యాకరణం ప్రకారం మగవాళ్లు మహత్తులు. గొడ్డూ గోదా, రాయీ రప్పా అమహత్తులు. ఒక్కతే ఉన్న ఆడమనిషిదీ ఈ రెండో గుంపే. ఆవు వచ్చింది, ఆమె వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి ఆమెను పిలిచి మహత్తుల పంక్తిలో ఆకు వేస్తారు. ఆవులు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు. సూరిగారిని అనుకుని లాభం లేదు. జనం నోట్లో ఉన్నదాన్నే ఆయన సూత్రంగా కట్టినాడు. మా పడమటి పక్క బళ్లారి దాకా పోతే కన్నడంలో ఆడమనిషికి "బందళు" అని విడిగా ఒక రూపం ఉంది. తమిళంలోనూ ఉంది. తెలుగులో మాత్రం ఒంటరి ఆడదానికి తనదంటూ ఒక క్రియారూపం లేకపోయె.

నా మొదటి కథలో ఒక బండల గని కూలీ చచ్చిపోతాడు. ఆయన పెండ్లాం గడప పట్టుకుని నిలబడుతుంది. కరువు, అప్పు, గడప, కన్నీళ్లు. పత్రికలో అచ్చయినాక నాలుగు ఉత్తరాలొచ్చినాయి, నాకు నేల మీద కాలు నిలవలేదు. మా వీధిలో ఒకామె పాలిష్ ఫ్యాక్టరీలో పనికి పోతుంది, ఆమె కొడుకు నా దగ్గర చదువుకున్నోడే. వాడు తీసుకుపోయి చదివి వినిపించినాడంట. మరుసటి రోజు దారిలో కనపడి అడిగింది.

"కథ బాగుంది సార్. అయితే ఆయమ్మకు మాట్లాడేదానికి ఊళ్లో ఇంకో ఆడమనిషే లేదా?"

జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి ఎర్ర పెన్నుతో నా కథ నేనే దిద్దుకున్నాను. ఆ పెండ్లాం చేసిన పనుల కింద గీతలు గీస్తూ పోయినాను: నిలబడింది, చూసింది, ఏడ్చింది, తల వంచుకుంది, మళ్లీ ఏడ్చింది. మొగుడు బతికున్నది రెండు పేజీలే. ఆ రెండు పేజీల్లోనే తవ్వినాడు, పగలగొట్టినాడు, తాగినాడు, కొట్టినాడు, నవ్వినాడు, బాకీ తీర్చినాడు. చచ్చిపోయిన మనిషికున్న క్రియలు బతికున్న మనిషికి లేవు.

మా వీధి ఆమె పనిచేసే చోటికి ఒకరోజు పోయి కూర్చున్నాను. బేతంచెర్ల బండ దేశంలో చానా ఇళ్లల్లో కాళ్ల కింద ఉంది గానీ, దాని మీద మొదట పడిన చేతులు ఎవరివో నడిచేవాళ్లకు తెలియదు. కోత మిషన్ నుంచి వచ్చిన పలకను చెరో కొనా ఇద్దరు పట్టుకుని కడుగుతారు, ఎత్తుతారు, వరసగా నిలబెడతారు. నేను చూసినంతసేపూ అవతలి కొన పట్టుకున్నది ఇంకో ఆడమనిషే. తెల్లని బురదలో పొద్దంతా నిలబడి వాళ్లు మాట్లాడుకున్న మాటలు విన్నాను. డ్వాక్రా గ్రూపులో ఎవరి కంతు ఆగింది, మోకాళ్లకు ఏ తైలం పనిచేసింది, చిన్నదాన్ని నంద్యాల కాలేజీలో వెయ్యాలా వద్దా, మద్దిలేటి స్వామి కాడికి ఎప్పుడు పోదాం. మొగుళ్ల ప్రస్తావనా వచ్చింది, వానాకాలంలో ఉరుసే మిద్దె గురించి మాట్లాడినంత తేలిగ్గా. నా కథలోని గడప అక్కడ ఎక్కడా కనపడలేదు.

ఆ రోజునుంచి పాత పుస్తకాలు తీసి కొత్త చూపుతో చదవడం అలవాటైంది. మా సీమ మొల్లనే తీసుకోండి. బద్వేలు దగ్గర గోపవరం ఆమె ఊరు. పదహారో శతాబ్దంలో రామాయణం రాసింది. మా సీమలోనే తాళ్లపాకలో అంతకు ముందే అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసి ఉండె. అయితే బళ్లో మాకు చెప్పిన మొల్ల కథలో తండ్రి ఉంటాడు, పండితులుంటారు, రాజు ఉంటాడు. ఒక్క స్నేహితురాలు ఉండదు. 1970లో మా పక్క జిల్లా మనిషి పద్మనాభం ఆమె మీద సినిమా తీస్తే దాని పేరు కూడా కథానాయిక మొల్ల. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద మగ విగ్రహాల నడుమ ఆమె విగ్రహమూ ఉంది. గౌరవమే, కాదనను. గౌరవం ఇచ్చేటప్పుడు కూడా మనం ఆడమనిషిని ఒక్కతిని చేసి, తక్కిన ఆడవాళ్లకు దూరంగా దిమ్మె మీద నిలబెడతాం.

గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి తెలివికి సాటి లేదు. అంత తెలివిగల మనిషికీ చివర్లో సౌజన్యారావు పంతులు గడప తొక్కాలంటే మగవేషం తప్పలేదు. మగవేషంలో ఉన్నంతసేపే ఎదుటివాళ్ల లెక్కలో ఆమె "వచ్చాడు". ఆ ఒక్క "డు" కోసం ఆమె బట్టలు మార్చుకోవాల్సి వచ్చింది.

మరి "వచ్చారు" అనిపించిన రచయితలు లేరా అంటే ఉన్నారు. పి. సత్యవతి రాసిన "ఇల్లలకగానే" కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతా అలుకుతా తన పేరు మరిచిపోతుంది. ఇంటాయననూ ఇరుగుపొరుగునూ ఎంతమందిని అడిగినా దొరకని ఆ పేరు, చిన్ననాటి స్నేహితురాలు "శారదా" అని పిలిస్తే దొరుకుతుంది. ఓల్గా విముక్త కథల్లో సీత ఒంటరిగా అడవిలో ఏడుస్తూ కూర్చోదు. శూర్పణఖ పెంచిన తోటలోకి నడుస్తుంది. అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. వేల ఏళ్లుగా ఎవరి కథలో వాళ్లను విడివిడిగా కట్టేసిన మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడమే ఆ పుస్తకం చేసిన పని. 2015లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1993లో ఓల్గానే సంపాదకురాలిగా నీలిమేఘాలు తెచ్చినప్పుడు, పత్రికల్లో ఒక్కొక్కరుగా తిట్లు తిన్న స్త్రీవాద కవులంతా ఒక అట్ట కింద చేరినారు. అదీ బహువచనమే.

అమెరికాలో అలిసన్ బెక్డెల్ అనే చిత్రకారిణి 1985లో ఒక కార్టూన్‌లో సినిమాలకు పరీక్ష పెట్టింది. ఇద్దరు ఆడవాళ్లుండాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా ఉండాలి. మా వీధి ఆమె ఆ కార్టూన్ చూసిన మనిషి కాదు. దారిలో నిలబడి నన్ను అడిగింది అదే ప్రశ్న.

క్రియారూపం ఒక్కటే అన్నీ నడిపిస్తుందని నేను చెప్పడం లేదు. విడి రూపం ఉన్నంత మాత్రాన కన్నడ ఆడవాళ్ల తలమీది బిందె దిగలేదు కదా. రెండో ఆడమనిషిని పిలుచుకొచ్చినంత మాత్రాన కథ నిలబడదు కూడా. ఇద్దరినీ నీళ్ల కొళాయి కాడ జుట్లు పట్టించి నవ్వించే కథలకు మనకేం కొదవ? నేను పెట్టుకున్న పద్ధతి చిన్నది. కథ అయిపోయినాక ఎర్ర పెన్ను తీస్తాను. ఆమె చేసిన పనులకు గీతలు గీస్తాను. తర్వాత ఆమె బరువుకు అవతలి కొన ఎవరు పట్టుకున్నారని వెతుకుతాను. ఎవరూ లేకపోతే ఆ కథ మళ్లీ సంచిలోకి పోతుంది. నా సంచి ఇప్పుడు బాగా బరువుగా ఉంది.

ఆ మొదటి కథను మొన్న తిరగరాసినాను. ఈసారి ఆమె గడప కాడ నిలబడలేదు. తోడికోడలితో కలిసి గని కాడికి పోతుంది. మొగుడికి రావాల్సిన బాకీ కూలి అడగడానికి ఇద్దరూ మేస్త్రీ ముందర నిలబడతారు. "వాళ్లు వచ్చారు" అన్న వాక్యం రాసినాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఈసారి నేనే పోయి మా వీధి ఆమెకు చదివి వినిపించినాను. చేతుల మీది తెల్లదుమ్ము కడుక్కుంటా మొత్తం విన్నది.

"ఇద్దరూ వచ్చినారు సరే సార్. కూలి ఎంత చేతికొచ్చిందో రాయకుంటిరే?"