చెప్పుకోలేని సలుపు

పాలివ్వడం తల్లికి దానంతటదే వస్తుందంటారు. ప్రసూతి వార్డులో నర్సుగా ఇన్నేళ్లు పనిచేశాక నేనైతే అది దగ్గరుండి నేర్పాల్సిన పనే అంటాను. ఎడపల్లి, రెంజల్, వర్ని వైపు నుంచి నిజామాబాద్ వచ్చే తొలికాన్పు బాలింతలు రెండో రోజో మూడో రోజో గొంతు తగ్గించి అంటారు: "సిస్టర్, రొమ్ము మొన మండుతాంది. గుడ్డ తగిలినా ఓర్సుకోలేకపోతున్న." పక్కన అత్త ఉంటే ఆ మాటా రాదు.

ముందు బిడ్డ నోరు చూస్తాను. మొనను మాత్రమే పట్టి చీకితే, వదిలాక అది చెక్కిన కలం పాళీలా ఒక పక్కకు వాలి, కొస తెల్లబడి ఉంటుంది. బిడ్డ పెదవి మూలన చిటికెనవేలు పెట్టి మెల్లగా విడిపిస్తాను. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు ఆనేలా, మొన చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా లోపలికి పోయేలా మళ్లీ పట్టిస్తాను. చాలామందికి అక్కడికక్కడే నొప్పి తగ్గుతుంది.

అలా తగ్గకపోతే వేరే కారణం వెతకాలి. పాలిచ్చాక కూడా మంట ఆగక, బిడ్డ నాలుక మీద తుడిచినా పోని తెల్లమచ్చలుంటే అది ఫంగస్ కావచ్చు. అప్పుడు తల్లీబిడ్డలిద్దరికీ మందు పడాలి. చలికాలం పొద్దున మొన తెల్లగా మారి, నీలమై, ఎర్రబడుతూ సలిపితే అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటున్నట్టు. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు చూడాలి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే తల్లులున్నారు. పొగాకు పట్టిన చేతులు సబ్బుతో కడిగాకే బిడ్డను ఎత్తుకొమ్మని ఆ తల్లులకు మరీ మరీ చెబుతాను.

పాలిచ్చే తల్లులకే కాదు ఈ బాధ. నెలసరికి ముందు రెండు వైపులా వచ్చి, తర్వాత తగ్గేది హార్మోన్ల వల్ల. గర్భం నిలిచిన తొలి వారాల్లోనూ ఇలాగే ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు, బిగుతు లోదుస్తులు, సబ్బు పడకపోవడం కూడా కారణాలే.

నాకు భయమంతా ఒక్క దాని గురించే. ఒకే మొన మీద తామరలా పొక్కు కట్టి, దురదపెట్టి, రసి కారుతూ మానకపోవడం. 1874లో జేమ్స్ పేజెట్ అనే ఇంగ్లండు వైద్యుడు గుర్తించిన ఈ జబ్బు వెనక చాలాసార్లు రొమ్ము క్యాన్సర్ ఉంటుంది. అరుదే, కానీ మెడికల్ షాపు ఆయింట్‌మెంట్ రాస్తూ నెలలు గడిపితే ముదిరిపోతుంది. ముక్క పరీక్ష చేస్తేనే తేలుతుంది. రెండు మూడు వారాల్లో మానని పుండు, మొన లోపలికి పోవడం, నెత్తురు రావడం ఉంటే, అమ్మలారా, సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించుకోండి. అత్తలారా, మీరే వెంట తీసుకురండి.