గడ్డం మీద తీర్పు

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. వెల్డింగ్ మెరుపుల మధ్య పనిచేసే మా కుర్రాడొకడు మొన్న అడిగాడు: "చాచా, ఫౌజులో చేరితే దాడీ తీసెయ్యాలంటగా? మరి సర్దార్జీలకు ఉంటదిగా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఇంటికొచ్చి 2016 డిసెంబరు 15 నాటి సుప్రీంకోర్టు తీర్పు మళ్ళీ చదివాం. తీర్పు కూడా ఒక రచనే. దాన్నీ విమర్శకుడి కళ్ళతో చదవొచ్చు.

సంగతి ఇది. వైమానిక దళంలో పనిచేసిన మహమ్మద్ జుబేర్, అన్సారీ ఆఫ్తాబ్ అహ్మద్ గడ్డం ఉంచుకోవడానికి అనుమతి అడిగారు. దొరకలేదు. ఆఫ్తాబ్‌ను 2008లో ఇంటికి పంపారు. 1964 నాటి నిబంధనల్లో 425వది ఏమంటుంది? జుట్టు కత్తిరించడాన్ని, గడ్డం గీయడాన్ని తమ మతం నిషేధించినవాళ్ళు వాటిని ఉంచుకోవచ్చు, శుభ్రంగా పెట్టుకోవాలి అంటుంది. అందులో ఏ మతం పేరూ లేదు. 2003 ఫిబ్రవరి ఉత్తర్వులో మాత్రం మా పేరు ఉంది. 2002 జనవరి 1కి ముందు గడ్డం, మీసాలతో చేరిన ముస్లింలే వాటిని ఉంచుకోవచ్చు. చేరాక పెంచినవాళ్ళు తీసెయ్యాలి. మీసం లేని గడ్డం అసలే కుదరదు. అంటే ఒకే బారక్‌లో పక్కపక్కన నమాజు చేసే ఇద్దరిలో ఒకరి గడ్డం క్రమశిక్షణ, ఇంకొకరిది ధిక్కారం. తేడా అంతా తేదీలోనే!

కోర్టు అడిగిందేమిటి? గడ్డం గీయడాన్ని ఇస్లాం నిషేధించిందా అని. వ్యాఖ్యానాలు పలు రకాలని, ఒక వ్యాఖ్యానం ప్రకారం గడ్డం ఉంచుకోవడం వాంఛనీయమని సైనికుల తరఫు న్యాయవాది దాచకుండా చెప్పారు. నిషేధం రుజువు కాలేదు కాబట్టి 425 వీళ్ళకు వర్తించదంది కోర్టు.

ఇక్కడే మా అభ్యంతరం. ఉర్దూ ఇంట్లో పెరిగిన మాకు ఫర్జ్, వాజిబ్, సున్నత్, ముస్తహబ్, మక్రూహ్, హరామ్ అని ఎన్నో మెట్లు తెలుసు. మా అబ్బాకు గడ్డం లేదు, నమాజు తప్పలేదు. మా మామూకు గుండెల దాకా గడ్డం. ఇద్దరూ ముసల్మానులే. ఈ మెట్లన్నిటినీ 'నిషేధమా, కాదా' అన్న ఒక్క ప్రశ్నలో ఇరికిస్తే మాకు మిగిలేదేమిటి? మాలో భిన్నాభిప్రాయాలు ఉండడమే మా మీద సాక్ష్యమైంది. అందరం ఒకే ఫత్వాకు తలవంచి ఉంటే గెలిచేవాళ్ళమేమో! లౌకిక న్యాయస్థానం తెలియకుండానే మమ్మల్ని ముల్లాల గుమ్మంలోకి నెడుతోంది.

కోర్టు మాటలోనూ బలం లేకపోలేదు. ఫౌజుకు క్రమశిక్షణ కావాలి. సైనికుల హక్కులకు హద్దులు పెట్టే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణలో పార్లమెంటుకు ఇచ్చింది. కేశాలు ఖాల్సా సిక్కుల పంచ కకారాల్లో ఒకటి. మా గడ్డం అచ్చంగా అలాంటిది కాదని ఒప్పుకుంటాం. కానీ గడ్డమే ఐకమత్యాన్ని చెడగొట్టేదైతే సిక్కు రెజిమెంటుకు అంత పేరెలా వచ్చింది? నౌకాదళంలో అనుమతి తీసుకుని ఏ మతం వాడైనా గడ్డం పెంచుకోవచ్చు. దానివల్ల ఓడలేమీ మునగలేదే!

ఈ నిబంధనలు రాతి మీద చెక్కినవి కావు. అమెరికాలో కిప్పా టోపీ పెట్టుకున్న యూదు వైమానిక అధికారి గోల్డ్‌మన్ 1986లో ఒక్క ఓటు తేడాతో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. మరుసటి ఏడే వాళ్ళ కాంగ్రెస్ చట్టం మార్చింది. 2024 మార్చిలో బ్రిటిష్ సైన్యం, మతంతో పనిలేకుండా, చక్కగా కత్తిరించుకున్న గడ్డాన్ని అందరికీ అనుమతించింది. 2025లో అమెరికా మళ్ళీ గడ్డాల మీద కత్తి పట్టింది. మన పక్కనే, మక్కా నుంచి గడ్డంతో తిరిగొచ్చిన కానిస్టేబుల్‌కు వేసిన శిక్షను 2024 జులైలో మద్రాసు హైకోర్టు మదురై బెంచి కొట్టేసింది. అందుకు ఆధారం 1957 నాటి మద్రాసు పోలీసు గెజిట్.

మేము మినహాయింపు భిక్ష అడగడం లేదు. అందరికీ ఒకే కొలత అడుగుతున్నాం. గడ్డం ఎంత పొడుగుండాలో, ఎంత శుభ్రంగా ఉండాలో, ముఖానికి మాస్కు బిగించాల్సిన పనిలో ఎప్పుడు తీసెయ్యాలో రాయండి. ఏ గ్రంథంలో ఉందని మాత్రం అడగకండి.

తీర్పు సారం చెబితే ఆ కుర్రాడు నవ్వాడు. "గీసేసుకుంటాలే చాచా, నాకు ఫౌజు కావాలి" అన్నాడు. గీసుకోనీ, అతని గడ్డం అతని ఇష్టం. కానీ వతన్ కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడినవాడు ముందుగా మంగలి షాపు గడప తొక్కి తన విశ్వాసం రుజువు చేసుకోవాలా?