తొమ్మిది గంటల ఎనిమిది నిమిషాల పనితనం

ముందు అంకెలు చూద్దాం. ఈత 58 నిమిషాల 9 సెకన్లు. సైకిల్ 5 గంటల 6 నిమిషాల 15 సెకన్లు. పరుగు 2 గంటల 59 నిమిషాల 58 సెకన్లు. మూడూ కూడితే 9 గంటల 4 నిమిషాల 22 సెకన్లు వస్తుంది. ఫలితాల పట్టికలో ఉన్న మొత్తం మాత్రం 9:08:45. తేడా 4 నిమిషాల 23 సెకన్లు. నీళ్లలోంచి సైకిల్ మీదికి, సైకిల్ మీంచి నేల మీదికి మారడానికి పట్టిన సమయం అది. ట్రాన్సిషన్ అంటారు. తలపాగా చుట్టుకున్నంత సేపట్లో హెల్మెట్, బూట్లు, కళ్లద్దాలు, తిండి అన్నీ సర్దుకుని రెండుసార్లు బయటపడాలి.

ఈ అంకెలు 2007 అక్టోబర్ 13న హవాయిలోని కోనాలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మహిళల విజేతవి. పేరు క్రిస్సీ వెలింగ్టన్, దేశం బ్రిటన్, వయసు ముప్ఫై. అంతకుముందు కోనాలో ఆమె ఎన్నడూ పోటీ చేయలేదు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు ఉండే ఈ పూర్తి దూరాన్ని జీవితంలో మొదటిసారి చేసింది అదే ఏడాది ఆగస్టు చివర్లో, కొరియాలో. అక్కడా గెలిచింది. ఏడు వారాలు తిరక్కుండానే ప్రపంచ విజేత. ఆ ఏడాది మొదట్లో ఆమెను పొట్టి దూరాల పోటీలకే తయారు చేస్తున్నారు. ఆమెను పొడుగు దూరానికి మళ్లించింది కోచ్ బ్రెట్ సటన్.

ఈ కథను లోకం ఒక అద్భుతంగా చెప్పుకుంది. ఎవరికీ తెలియని అమ్మాయి ఎక్కడినుంచో వచ్చి గెలిచిందన్నారు, భయం తెలియకపోవడమే ఆమె బలం అన్నారు. ఈ మాట నాకు మింగుడు పడదు. అమాయకత్వంతో తొమ్మిది గంటలు నెట్టుకురాలేరు. ఆ రేసును దశలవారీగా విడదీసి చూస్తే కనిపించేది చేయి తిరిగిన పనితనం. కోనాకు కొత్తే గానీ పనికి కొత్త కాదు.

పొడుగు ట్రయథ్లాన్‌లో పనితనం అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఒంట్లో కండరాలూ కాలేయమూ దాచుకోగలిగే పిండిపదార్థం సుమారు రెండు వేల కిలోకేలరీలు. తొమ్మిది గంటల శ్రమకు అది ఏ మూలకీ చాలదు. మిగిలింది కొవ్వు నుంచి రావాలి, దారిలో తాగిన తీపినీళ్ల నుంచీ జెల్స్ నుంచీ రావాలి. పేగులు సాధారణంగా గంటకు పీల్చుకోగలిగేది అరవై నుంచి తొంభై గ్రాముల పిండిపదార్థమే. అంతకు మించి పోస్తే కడుపు తిరగబడుతుంది. వేగం పెరిగేకొద్దీ కొవ్వు మండే వాటా తగ్గి, దాచుకున్న పిండిపదార్థం త్వరగా కరిగిపోతుంది. అంటే ఉదయం చేసిన దుబారాకు సాయంత్రం లెక్క అప్పజెప్పాలి. ఎంత బలం ఉందన్నది ఒక్కటే చాలదు. ఉన్న బలాన్ని ఏ గంటలో ఎంత ఖర్చు పెట్టాలన్నదే ఇక్కడి విద్య.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో కూడా కోనాయే చూపించింది, 1982 ఫిబ్రవరిలో. జూలీ మాస్ అనే కాలేజీ విద్యార్థిని వ్యాయామ శాస్త్రంలో తన పరిశోధన కోసం ఆ పోటీలో దిగింది. ఆమెకూ అది మొదటిసారే. గమ్యానికి దగ్గర్లో మహిళల్లో అందరికంటే ముందుంది. అక్కడ కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. పడింది, లేచింది, మళ్లీ పడింది. కళ్ల ముందే కాథ్లీన్ మెకార్ట్నీ దాటుకుపోయింది. తేడా 29 సెకన్లు. మాస్ మిగిలిన దూరం పాక్కుంటూ పూర్తి చేసింది. ఆ దృశ్యం అమెరికా టీవీలో వచ్చాక ఈ ఆటకు పేరూ వచ్చింది, కొత్తవాళ్లూ వచ్చారు. నాకు మాస్ అంటే గౌరవమే. కానీ ఆ పాకడాన్ని ఈ ఆటకు చిరునామాగా చేసేశారు. దానివల్ల జనం కష్టాన్ని మెచ్చుకోవడం నేర్చుకున్నారు గానీ నేర్పును చూడటం నేర్చుకోలేదు.

వెలింగ్టన్ ఈత దగ్గరికి వద్దాం. కైలువా అఖాతంలో సముద్రం వెచ్చగా ఉంటుంది కాబట్టి వెట్‌సూట్ వేసుకోనివ్వరు. వెట్‌సూట్ మనిషిని పైకి తేలుస్తుంది; అది లేకపోతే ఎవరి ఈత వాళ్లదే. గంటలోపు బయటికొచ్చింది, అంటే వంద మీటర్లకు దాదాపు 90 సెకన్లు. మంచి ఈతే గానీ ముందువరస ఈత కాదు. ముందున్నవాళ్లను పట్టుకోవాలని నీళ్లలోనే ఊపిరి పారేసుకోలేదు. ఎనిమిది గంటల పని ఇంకా ముందుందని తెలిసిన మనిషి ఈదిన ఈత అది.

అసలు పని సైకిల్ మీద జరిగింది. కోనా సైకిల్ దారి చల్లారిన లావా మధ్యలో క్వీన్ కె హైవే వెంట ఉత్తరంగా హావీ అనే ఊరి దాకా వెళ్లి తిరిగొస్తుంది. నీడ లేదు. నల్లరాయి ఎండను తాగి పైకి కక్కుతుంది. హావీ దగ్గర పడేకొద్దీ పక్కగాలులు సైకిల్‌ను రోడ్డు మీంచి తోసేసేటంత బలంగా కొడతాయి. ఇంకొకరి సైకిల్ వెనక నక్కి గాలి తప్పించుకోవడం ఈ పోటీలో నిషిద్ధం. మధ్యలో నిర్ణీత దూరం ఉండాలి, లేకపోతే శిక్ష. కాబట్టి ప్రతి మనిషీ తన గాలిని తానే కోయాలి.

గాలి విషయంలో ఒక భౌతికశాస్త్రపు కిటుకు ఉంది. గాలి అడ్డును దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. వేగం పదో వంతు పెంచాలంటే శక్తి దాదాపు మూడో వంతు అదనంగా పెట్టాలి. అందుకే ఒక గంట వీరావేశంతో తొక్కి, ఇంకో గంట డీలాపడేవాడి కన్నా అయిదు గంటలూ ఒకే పట్టుతో తొక్కేవాడు తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం పోతాడు. చెప్పడం తేలిక. పక్కనుంచి ఎవరో దూసుకుపోతుంటే మనసు ఊరుకోదు. వెలింగ్టన్ సగటు గంటకు 35 కిలోమీటర్లు దాటింది. సైకిల్ దిగేసరికి మహిళల్లో అందరికన్నా ముందుంది. ముందుకు రావడం కన్నా, వచ్చాక మారథాన్ పరిగెత్తడానికి కాళ్లు మిగిలి ఉండటం ముఖ్యం. మొదటిసారి పొడుగు దూరానికి దిగినవాళ్లలో ఎక్కువమంది బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. సైకిల్ మీద హాయిగా ఉంది కదా అని తొక్కేస్తారు. అప్పు తీర్చాల్సింది మాత్రం పరుగులో.

ఈ కాళ్లు ఎక్కడివి? 2007కు ముందు ఆమె బ్రిటన్ ప్రభుత్వంలో పర్యావరణ శాఖ ఉద్యోగి. తర్వాత నేపాల్ వెళ్లి గ్రామాల్లో మంచినీళ్లు, పారిశుధ్యం పనుల్లో కొంతకాలం గడిపింది. అక్కడ కఠ్మండు లోయ చుట్టూ కొండల్లో సైకిల్ తొక్కడం దినచర్య. టిబెట్‌లోని లాసా నుంచి కఠ్మండు దాకా స్నేహితులతో కలిసి హిమాలయ కనుమల మీదుగా సైకిల్ మీదే వచ్చింది. దాన్ని ఎవరూ శిక్షణ అనలేదు, ఆమే అనుకోలేదు. చేతిలో గడియారం, ముందు గమ్యం గీత, చూసేవాళ్ల చప్పట్లు ఏవీ లేకుండా రోజుల తరబడి ఎత్తుకు ఎక్కడం ఒంటికి ఓర్పు నేర్పే తీరు వేరు. 2006లో లొసాన్‌లో ఔత్సాహికుల ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది. ఉద్యోగం వదిలి 2007లో ప్రొఫెషనల్ అయింది. ఎక్కడినుంచో ఊడిపడ్డ మనిషి కాదు. క్రీడా విలేకరులు వెతికే చోట్లలో లేదు, అంతే.

తిండి సంగతి విడిగా చెప్పాలి. సైకిల్ మీద ఉన్నంతసేపూ కడుపు కదలకుండా ఉంటుంది కాబట్టి తినాల్సింది, తాగాల్సింది అక్కడే. పరుగులో కుదుపులకు పేగులు మొరాయిస్తాయి, ఎండకు నెత్తురు చర్మం వైపు మళ్లి కడుపుకు తక్కువ చేరుతుంది. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి. అయిదు గంటలు గడియారంలా తింటూ ఉండటం ఒక క్రమశిక్షణ. వెలింగ్టన్ తన ఆత్మకథలో చిన్న వయసులో తిండి విషయంలో తనకున్న మానసిక రుగ్మతల గురించి దాపరికం లేకుండా రాసింది. ఒకప్పుడు తినడాన్నే శత్రువుగా చూసిన మనిషి, తినడమే సగం విద్య అయిన ఆటలో ప్రపంచ విజేత కావడం నన్ను ఆ ట్రోఫీ కన్నా ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఈ తిండి సంగతిని మన దగ్గరికి తెచ్చి చూద్దాం. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023లో తెరిచారు. గోవాలో 2019 నుంచి ఐరన్‌మ్యాన్ 70.3 జరుగుతోంది: 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. కోనా దూరంలో సగం. ఇలాంటి పోటీకి మొదటిసారి సిద్ధమయ్యేవాళ్లతో మాట కలిపితే సంభాషణ అయిదు నిమిషాల్లో సైకిల్ ఖరీదు మీదికి వెళుతుంది. కార్బన్ చక్రం గురించి చెప్పినంత శ్రద్ధగా రెండో గంటలో ఏం తింటారో చెప్పేవాళ్లు తక్కువ. సరే, సామాను మోజు ఏ ఆటకు లేదు గనక.

ఇక పరుగు. సైకిల్ దిగిన మొదటి కొన్ని నిమిషాలు కాళ్లు మనవి కావు. అయిదు గంటలు గుండ్రంగా తిరగడానికి అలవాటు పడిన కండరాలు ఒక్కసారిగా ఒంటి బరువు మోయాలి. దీనికోసమే సాధనలో సైకిల్ తొక్కి వెంటనే పరిగెత్తిస్తారు. బ్రిక్ అంటారు. కోనా పరుగు అలీఈ డ్రైవ్ అనే సముద్రపు వీధిలో జనం మధ్య మొదలై, పలానీ కొండ ఎక్కి, మళ్లీ అదే నిర్జనపు హైవే మీద పడుతుంది. అక్కడినుంచి ఎనర్జీ ల్యాబ్ అనే సౌరశక్తి, సముద్రజల పరిశోధనా కేంద్రం దారిలో సముద్రం వైపు దిగి మళ్లీ పైకి రావాలి. చాలామంది ఆశలు ఆ పల్లంలోనే కరిగిపోతాయి. వెలింగ్టన్ కిలోమీటరుకు సగటున 4 నిమిషాల 16 సెకన్లు పరిగెత్తింది. మారథాన్ మూడు గంటల గీతకు రెండు సెకన్లు ఇవతల ముగిసింది. రెండో స్థానంలో వచ్చిన కెనడా అథ్లెట్ సమాంతా మెక్‌గ్లోన్‌కూ ఆమెకూ మధ్య అయిదు నిమిషాలకు పైగా తేడా.

పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. ఆరుసార్ల విజేత నటాషా బాడ్‌మన్ ఆ రోజు సైకిల్ మీంచి పడి గాయపడింది నిజమే. అయినా ఎవరు ఉన్నా లేకపోయినా గడియారం గడియారమే. పైగా తర్వాత ఏళ్లు ఆ వాదనకు జవాబు చెప్పేశాయి. పూర్తి దూరంలో ఆమె మొత్తం పదమూడు పోటీల్లో దిగింది, పదమూడూ గెలిచింది.

కోనాలోని నాలుగు విజయాలను పక్కపక్కన పెట్టి చూడటం నాకిష్టం. 2008లో చక్రం పంక్చరైంది, గాలి నింపే సిలిండర్లు వృథా అయ్యాయి; తోటి పోటీదారు రెబెకా కీట్ తన దగ్గరున్నది విసిరి ఆదుకుంది. 2009లో 8:54:02తో పౌలా న్యూబీ-ఫ్రేజర్ 1992లో నెలకొల్పిన కోర్సు రికార్డు పోయింది. 2011లో రేసుకు రెండు వారాల ముందు సైకిల్ ప్రమాదంలో ఒళ్లంతా గాయాలు; ఈత గంట దాటింది; చివరికి 2 గంటల 52 నిమిషాల 41 సెకన్ల మారథాన్‌తో అందరినీ దాటింది. అభిమానులను అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది 2011నే గొప్ప రేసు అంటారు. నేనూ కాదనను, గుండె పట్టుకుని చూడాల్సిన రేసే.

అయితే పనితనం కోసం చూడాల్సింది 2007. 2009లో సైకిల్ 14 నిమిషాలు వేగంగా తొక్కింది గానీ పరుగు మూడు నిమిషాలు నెమ్మదించింది. రికార్డు వచ్చిన రోజున కూడా మారథాన్ మొదటి ఏడాదంత వేగంగా రాలేదు. అంటే ఎక్కడ ఎంత పెట్టాలన్న తూకం ఆ మొదటిసారే కుదిరిపోయింది. తర్వాత పెరిగింది బలం. 2007లో కింద పడటం లేదు, పంక్చర్ లేదు, పరుగులో వెంటాడి పట్టుకోవడం లేదు. అందుకే దాన్ని తిరగేసి చూసేవాళ్లు తక్కువ. మొదటిసారి పొడుగు దూరానికి దిగబోయేవాళ్లు ఏ రేసు చూడాలని అడిగితే అదే చెబుతాను. చివరి గీత దాటిన దృశ్యం వదిలేసి, సైకిల్ తిరుగు దారిలో ఎదురుగాలికి తల వంచి తొక్కుతున్న, ఏ సందడీ లేని ఆ భాగాలు చూడమంటాను.