తెగిపోవడమే దాని పని

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పాత బోరు మోటారు బోర్డు తెరిస్తే తెల్లటి పింగాణీ కిట్‌కాట్ ఫీజులు మూడు కనిపిస్తాయి, ఫేజుకొకటి. ఒకదాన్ని పట్టి లాగితే పైముక్క చేతికొస్తుంది. దాని రెండు కాళ్ల మధ్య తగరం పూసిన సన్నని రాగి తీగ ఉంటుంది. 5 ఆంపియర్లకైతే 0.20 మిల్లీమీటర్ల మందం, 15కైతే 0.50. ఇంత లెక్కగా బలహీనంగా చేసిన వస్తువు ఆ బోర్డులో ఇంకోటి లేదు. మోటారు కాలకముందే అది తెగాలి. వెయ్యి అడుగులు దాటిన బోర్లున్న సీమ ఇది. మోటారు కాలితే పైపులన్నీ పైకి లాగాల్సిందే.

ఈ ఫీజు తీగ లోటు రెండు చోట్ల. ఫీజు పోగానే చేతికందిన రాగి పోగు చుట్టేస్తాం, అది తెగదు. ఒక్క ఫేజు ఫీజే పోతే మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు మూలుగుతూ కాలుతుంది.

ఎంసీబీ (మీనియేచర్ సర్క్యూట్ బ్రేకర్)లో ఈ రెండిటికీ జవాబుంది. జర్మనీలో హ్యూగో స్టాట్జ్ కంపెనీ 1924లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. లోపల కాపలా ఇద్దరిది. వేడికి వంగే జంట లోహాల పట్టీ నిదానస్తుడు: ఎంసీబీ మీద రాసిన ఆంపియర్లకు 1.13 రెట్ల కరెంటును గంటసేపు ఓర్చుకుంటుంది, 1.45 రెట్లయితే గంటలోపే దించేస్తుంది. షార్టయితే తీగచుట్ట అయస్కాంతమై రెప్పపాటులో మీట పడేస్తుంది. అప్పుడు లేచే మంటను వరుసగా పేర్చిన ఇనుప రేకులు ముక్కలు చేసి ఆర్పేస్తాయి. మూడు పోళ్ల ఎంసీబీలో ఒకటి పడితే మిగతా రెండూ పడతాయి. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇంకోటి: మీటను వేలితో పైకి నొక్కిపట్టినా లోపలి కొక్కెం ఊడే తీరుతుంది. మన మొండితనాన్ని కూడా లెక్కలో వేసుకున్న పనితనం అది!

కొనేటప్పుడు అంకె ముందున్న అక్షరం చూడండి. ‘బి’ రకం 3–5 రెట్లకు, ‘సి’ 5–10కి, ‘డి’ 10–20కి వెంటనే పడుతుంది. స్టార్టయ్యేటప్పుడు మోటారు ఆరేడు రెట్లు లాగుతుంది కాబట్టి ‘బి’ పెట్టి ఎంసీబీని తిట్టుకోవద్దు.

ఇది కాపాడేది తీగలను, మనిషిని కాదు. షాకు నుంచి కాపాడేది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడే ఆర్‌సీసీబీ. ఎంసీబీ ఉంది కదా అని తడి చేత్తో స్టార్టరు ముట్టుకోకండి.