దడి చచ్చేది మట్టి కాడ

వాంకిడి దాటి రాజురా రోడ్డు పట్టుకుంటే రాష్ట్రం మారగానే తగిలే ఊరు లక్కడ్‌కోట్. 1956 దాకా రాజురా తాలూకా మన ఆదిలాబాద్ జిల్లాదే. ఆ ఏడు నాందేడ్‌కి, 1959లో చాందాకి పోయింది. హద్దులు మారినా తెలుగు ఇంకా వినిపిస్తుంది. ఇదే జిల్లాలోని బల్లార్షా టేకే 2023లో అయోధ్య గుడి తలుపులకు వెళ్లింది. ఇంత టేకు పక్కన ఉండి కూడా మా పెరటి దడి నాలుగు వానాకాలాలు చూసేసరికి ఒరిగిపోతుంది.

ఈసారి కట్టించేటప్పుడు వడ్లాయన పాత గుంజ ఒకటి పీకి నా ముందు పడేశాడు. ‘‘పైన చూడండి సార్, ఇనుములెక్క ఉన్నది. అడుగున కూడ మంచిగనే ఉన్నది. మట్టి కాడ బెత్తెడే సచ్చింది’’ అన్నాడు. నిజమే. లోతున బూజుకు గాలి అందదు, పైన చెక్క ఎండిపోతుంది. తడీ గాలీ రెండూ కలిసేది నేలమట్టం దగ్గరే. చెద ఎక్కే దారీ అదే. అంటే దడి మొత్తాన్ని కాపాడనక్కర లేదు, ఆ బెత్తెడు కాపాడితే చాలు.

టేకు కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. చెద ముట్టనిది టేకు చేవను. ప్లాంటేషన్‌లో పలచన చేసేటప్పుడు కొట్టిన సన్న వాసాల్లో చేవ ఏ మాత్రం? చుట్టూ ఉన్నదంతా తెల్లచెక్కే, దానికి పేరు తప్ప బలం లేదు. అంతకంటే చేవదేలిన సండ్ర గుంజ నయం. (ఏదైనా డిపోలో రశీదుతో కొనండి. హద్దు మీది ఊళ్లో కర్ర మోసుకెళ్తే రెండు రాష్ట్రాల వాళ్లకూ జవాబు చెప్పుకోవాలి.)

ఈ బెత్తెడు గొడవకు లోకం మొత్తానికి మందు కనిపెట్టినవాడు సొంటి కామేశం. ఇంటిపేరు మనకు కొత్తదేమీ కాదు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ద్రావణం తయారుచేశాడు. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగును చంపుతుంది, వానకు అవి కొట్టుకుపోకుండా క్రోమియం చెక్కలోనే నిలబెడుతుంది. అమెరికాలో కరెంటు స్తంభాల నుంచి పెరటి దడుల దాకా ఆ మందు ఎక్కింది. ఆర్సెనిక్ భయంతో 2003 చివరికల్లా అక్కడి తయారీదారులు ఇళ్ల వాడకానికి దాన్ని మానేశారు. బీర తీగ పాకే దడికి నేనూ పెట్టను. ఇంజన్ ఆయిల్ పూయడం కూడా నాకు నచ్చదు. లోపలికి దిగేది తక్కువ, మట్టిని పాడుచేసేది ఎక్కువ.

మేం చేసింది మోటు పని. పాత గుంజల్లో కుళ్లిన కింది భాగం కోసేశాం. గుంతలో సిమెంటు కడీ ముక్క పాతి, దానికి జానెడు ఎత్తున గుంజను బోల్టులతో బిగించాం. చెక్క ఇక మట్టిని తాకదు. గుంజ తలను ఏటవాలుగా కోశాం, నీరు నిలవకుండా. కొత్తగా నేలలో పాతక తప్పని గుంజలు రెండు మూడు ఉంటే, వాటి చుట్టూ కంకర, మొరం పోసి దిమ్మిస కొట్టాం. కాంక్రీటు పోయమని అందరూ అన్నారు. చెక్క ఎండి సన్నబడితే దానికీ కాంక్రీటుకూ నడుమ సందు పడుతుంది, అందులో చేరిన నీరు బయటికి పోదు. పైగా మాది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. మొరం అయితే ఏటా నాలుగు దెబ్బలు వేసి మళ్లీ బిగించుకోవచ్చు.

అడ్డం కట్టిన వెదురు గురించి పెద్దగా చెప్పేది లేదు. చలికాలంలో కొట్టి కొన్ని వారాలు వాగునీళ్లలో నానబెడితే పిండి పదార్థం కరిగిపోయి పుచ్చు తగ్గుతుంది. అయినా అది పోయేదే, పోయినప్పుడు ఆ బద్ద ఒక్కటే మార్చుకుంటాం.

ఒక్క మాట. ఎక్కడైనా ఆకుపచ్చగా మందు పట్టించిన పాత చెక్క దొరికితే పొయ్యిలో మాత్రం పెట్టకండి. ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ వస్తుంది.