నిటారుగా నిలబడ్డ రాయి

మన సిక్కోలు ఎంపీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2025 డిసెంబరులో రాజ్యసభకు ఒక లిఖితపూర్వక సమాధానం ఇచ్చారు. ఢిల్లీ విమానాశ్రయంలో పదో నంబరు రన్‌వే మీదికి జీపీఎస్ సాయంతో దిగబోతున్న కొన్ని విమానాలకు స్పూఫింగ్ ఎదురైందని, నేల మీది పాత పరికరాలు పనిచేస్తున్న మిగతా రన్‌వేలకు ఏ ఇబ్బందీ రాలేదని అందులో ఉంది. ఇలాంటివి జరిగితే చెప్పి తీరాలని 2023 నవంబరులో నిబంధన పెట్టాక హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నుంచి కూడా కబుర్లు అందుతున్నాయట.

ఆ సాయంత్రానికల్లా టీవీల వాళ్లు దాన్ని కాసేపు జామింగ్ అన్నారు, కాసేపు హ్యాకింగ్ అన్నారు. నాకు ఒళ్లు మండింది. జామింగ్ అంటే రేడియోలో గోల. రిసీవర్ చేతులెత్తేసి, నాకేమీ వినపడటం లేదని చెప్పేస్తుంది. స్పూఫింగ్ అంటే నకిలీ సంకేతం పంపడం. అప్పుడు రిసీవర్ అలా చెప్పదు. తప్పు చోటు చూపిస్తూ మహా ధీమాగా ఉంటుంది.

ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్లు ఇక్కడికి రాగానే, 'ఇదిగో, ఇక హద్దురాళ్లు తెస్తాడు' అనుకుంటారు. తెస్తున్నాను.

పర్చూరు పక్క నల్లరేగట్లో మా పెదనాన్నకు పత్తి చేను ఉండేది. ఈశాన్యపు మూల రాయిని పొరుగాయన ఇటు జరిపాడని తగాదా. పంచాయితీలన్నీ అయ్యాక సర్వేయరు గారు వచ్చారు. వచ్చీ రాగానే గొలుసు విప్పలేదు. చేను చుట్టూ ఓసారి తిరిగి, రాళ్ల వంక చూసి, "ఈ రాయి ఎప్పటిదయ్యా?" అన్నారు.

"మా తాతల నాటిదండీ," అన్నాడు పొరుగాయన.

"తాతల నాటి రాయి రేగట్లో ఇంత నిటారుగా నిలబడదే!"

రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఏళ్ల తరబడి అందులో ఉన్న రాయి ఎటో ఒకవైపు ఒరగాల్సిందే. మిగతా మూడూ తలోవైపు ఒరిగి ఉన్నాయి, ఇదొక్కటే పెళ్లికొడుకులా నిలబడింది. ఆ తరవాత గొలుసు పరిచి, ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) తెరిచి, ఐమూలగా ఒక కొలత, పక్కకు ఆఫ్‌సెట్లు తీస్తే తేడా బయటపడింది. పెదనాన్న మీసం దువ్వుకున్నాడు. సర్వేయరు గారు మాత్రం మజ్జిగ తాగుతూ ఇంకో మాట అన్నారు.

"ఒక్క రాయి జరిపాడు గనక దొరికాడు. నాలుగూ ఒకే దిక్కుకి, ఒకే కొలతన జరిపితే చేలో ఎంత కొలిచినా పుస్తకంతో సరిపోద్ది. అప్పుడు మూడూళ్ల పొలిమేరలు కలిసే రాయి దాకా పోవాల్సిందే."

స్పూఫింగ్‌ని పట్టుకునే విద్య ముప్పాతిక వంతు ఆ రెండు మాటల్లోనే ఉంది. రిసీవర్ తన చోటు కట్టడానికి నాలుగు ఉపగ్రహాలు చాలు. ఐదోది ఉంటే లెక్క సరిచూసుకుంటుంది. ఒకటి తప్పు చెబితే మిగతావాటితో పొసగదు, దొరికిపోతుంది. కానీ నకిలీ పంపేవాడు అన్నిటినీ ఒకదానితో ఒకటి పొసగేలాగే పంపుతాడు. లోపలి లెక్కంతా దివ్యంగా కుదురుతుంది.

అందుకని ఒరుగు చూడాలి. అసలు జీపీఎస్ సంకేతం 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. నేలకు చేరేసరికి రిసీవర్ సొంత రొద కంటే బలహీనం. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం బాగా వినిపిస్తుంది, దిగంతంలో ఉన్నది నీరసంగా వినిపిస్తుంది. ఒక్కోటీ ఒక్కో దిక్కు నుంచి వస్తుంది. నకిలీవి సాధారణంగా ఒకే యాంటెన్నా నుంచి బయలుదేరతాయి గనక అన్నీ ఒకే దిక్కున ఉంటాయి. రెండు యాంటెన్నాలు పక్కపక్కన పెట్టి కొలిస్తే ఆ గుట్టు తెలుస్తుంది. బలం హఠాత్తుగా పెరగడం, గడియారం గంతెయ్యడం, విమానంలోని జడత్వ పరికరం ఒకటి చెబుతుంటే జీపీఎస్ వేరొకటి చెప్పడం, ఇవన్నీ ఆనవాళ్లే.

తెలివైనవాడు ఒరుగును కూడా అనుకరిస్తాడు. 2013లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు టాడ్ హంఫ్రీస్ బృందం మధ్యధరా సముద్రంలో ఒక విలాస నౌకను, యజమాని అనుమతితోనే, దారి తప్పించింది. ముందు అసలు సంకేతాలతో కచ్చితంగా కలిసేలా నకిలీవి పంపి, మెల్లగా బలం పెంచి, అప్పుడు పక్కకు లాగారు. అలారం మోగలేదు. ఓడ పక్కకు పోయిందనుకుని సిబ్బందే చుక్కానిని సరిచేశారు, అలా సరిచేయడంతోనే నిజంగా దారి తప్పారు. ఐరోపా వాళ్ల గెలీలియో 2025 జులై నుంచి తన సందేశం మీద డిజిటల్ సంతకం పెడుతోంది. మంచిదే. అయితే సంతకం ఉన్న అసలు సంకేతాన్నే పట్టి, కాస్త ఆలస్యంగా తిరిగి ఊదేవాడిని ఆ సంతకం ఒక్కటే ఆపలేదు.

ఇక్కడిదాకా వచ్చాక, నా అలవాటు ప్రకారం, 2020 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వే మీద పడదామనుకున్నాను. ఉపగ్రహాలను విని చోటు కొలిచే రోవర్లు, డ్రోన్లు ఎందుకు, రాయే గట్టిది అనబోయాను. అనలేకపోతున్నాను. రాయిని మోసం చేయడానికి గునపం, ఇద్దరు మనుషులు, ఒక అమావాస్య చాలు. రోవర్‌ని మోసం చేయాలంటే రేడియో విద్య రావాలి, పైగా ఆ మోసం గాలిలో ఆనవాలు వదులుతుంది. రెండిట్లో సులువుగా లొంగేది నేను ఇన్నాళ్లూ వెనకేసుకొచ్చిన రాయే. ఢిల్లీలో పాత పరికరాలు ఆదుకున్నది కూడా అవి పాతవని కాదు, అవి ఉపగ్రహం మాట మీద ఆధారపడవు గనక.

నా కోపం ఇప్పుడు ఫోన్ మ్యాపులో మనం ఉన్న చోటు చూపించే ఆ నీలి చుక్క మీదికి మళ్లింది. 2016లో వచ్చిన ఏడో ఆండ్రాయిడ్ నుంచీ ఏ ఉపగ్రహం ఎంత బలంగా వినిపిస్తోందో ఫోను యాప్‌లకు ముడి లెక్కలతో సహా ఇవ్వగలదు. అనుమానించడానికి కావలసిన సరంజామా లోపల ఉంది, తెర మీద మాత్రం చుక్క. రీసర్వే అధికారులారా, రోవర్ విషయంలో అలా దాచిపెట్టకండి. అది ఇచ్చిన అంకె పక్కనే పాత ఎఫ్‌ఎంబీ కొలతతో వచ్చిన తేడా కూడా రాసి రైతు చేతిలో పెట్టండి. ఊళ్లో అన్ని చేలకూ తేడా సున్నా అని వస్తే, ఆ సర్వేయరు గారిని ఇంకోసారి రమ్మనండి.