జిల్లా సాహిత్యోత్సవములు: రచయితల పరిగణన

జిల్లా రచయితల ఉత్సవము తలపెట్టినవారికి మొదట ఎదురగు ప్రశ్న “మనవారెవరు?” అనునది. జన్మస్థలమునే ప్రమాణముగా గొనుట పరిపాటి. ఆ ప్రమాణ మొక్కటియే చాలదని మా అభిప్రాయము.

బాన్సువాడను గైకొందము. 2016 అక్టోబరు 11 వరకు అది నిజామాబాదు జిల్లాలోనిది. నాటినుండి కామారెడ్డి జిల్లాలోనిది. సరిహద్దు మారినంతమాత్రమున ఇందూరు సాహిత్య వారసత్వ మీ యూరికి పరాయి దగునా?

దాశరథి కృష్ణమాచార్యులుగాని, వట్టికోట ఆళ్వారుస్వామిగాని ఈ ప్రాంతమున జన్మించినవారు కారు. అయినను 1948లో ఇందూరు కారాగారమున వా రిరువురును కలిసి బందీలై యుండిరి. దాశరథిగా రచటి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామిగారికే అంకిత మిచ్చిరి. జన్మస్థలమునే పాటించినచో ఈ ఘట్టమునకు ఇందూరు సాహిత్య చరిత్రలో చోటు దొరకదు.

జన్మస్థల ప్రమాణమునకు ఒక గుణము లేకపోలేదు: అది అజ్ఞాతులను వెలికి దెచ్చును. తెలంగాణమున కవులు లేరన్న నిందకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 మంది కవులను చూపిరి. వారి పద్యములను అచ్చువేసినందుననే ఆ సంచిక నేటికిని ప్రమాణమై నిలిచినది.

కావున బాన్సువాడలో ఉత్సవము జరుపువారు ఇచట పుట్టినవారిని, ఇచట వ్రాసినవారిని, ఈ మంజీరా సీమను గూర్చి వ్రాసినవారిని సమముగా గణించి, వారి రచనలను ఒక సంపుటముగా వెలువరింపవలెను. సన్మానపత్రములకంటె ఆ సంపుటమే రేపటి పరిశోధకునకు ఆధారము కాగలదు.